మీకు తెలుసా? పరాయి దేశంలో దుబాసీ పని

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అనుకునే మాట ఇది: "తెలుగు వచ్చు, ఇంగ్లిషు వచ్చు. తీరిక వేళల్లో అనువాదం పని చేసుకుంటే నాలుగు డబ్బులు వస్తాయి కదా!" వస్తాయి. కాకపోతే రెండు భాషలు రావడం ఆ పనికి గడప మాత్రమే, ఇల్లు లోపలుంది. వీసా నుంచి పన్ను దాకా, 'పెద్దనాన్న' నుంచి 'మోషన్స్' దాకా, ఆ గడప దాటే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని చూద్దాం.

దుబాసీ పని మనకు కొత్త కాదు

రెండు భాషలు తెలిసినవాడు ద్విభాషి. ఆ మాటే వాడుకలో అరిగి దుబాసీ అయింది. దాన్ని ఇంగ్లిషువాళ్లు 'దుబాష్' అని తమ భాషలోకి తీసుకున్నారు. కుంఫిణీ రోజుల్లో చెన్నపట్నంలో తెలుగు దుబాసీలు ఎందరో ఉండేవాళ్లు. 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా కాశీయాత్ర చేసి, ఆ విశేషాలు రాసి పెట్టిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. కావలి వెంకట బొర్రయ్య కుంఫిణీ అధికారి కల్నల్ మెకంజీకి దుబాసీగా ఉంటూ శాసనాల, స్థానిక చరిత్రల సేకరణకు ప్రాణం పోశాడు. 1803లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. పరాయి ఊళ్లో ఈ పనికి దిగే తెలుగువాళ్ల వెనక ఇంత చరిత్ర ఉంది.

నోటి పని వేరు, చేతి పని వేరు

మనం రెంటినీ కలిపి 'ట్రాన్స్‌లేషన్' అనేస్తాం. ఆ రంగంలో మాత్రం రాతను రాతగా మార్చేవాడు ట్రాన్స్‌లేటర్, మాటను మాటగా మార్చేవాడు ఇంటర్‌ప్రెటర్. పరీక్షలు వేరు, శిక్షణ వేరు, కూలి లెక్క కూడా వేరు. రాసే పనికి సాధారణంగా మాటకింత అని ఇస్తారు. మాట్లాడే పనికి గంటకో, ఫోనులో అయితే నిమిషానికో లెక్క కడతారు. రాసేవాళ్లకు నిఘంటువు తిరగేసే తీరిక ఉంటుంది. ఆసుపత్రి గదిలో నిలబడ్డ ఇంటర్‌ప్రెటర్‌కు ఆ తీరిక ఉండదు. చక్కగా రాయగలవాళ్లందరూ చక్కగా చెప్పలేరు. దరఖాస్తు పెట్టేముందే తమకు ఏది చేతనవునో తేల్చుకోవాలి.

మన భాషకు గిరాకీ ఎవరి వల్ల?

2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారు. ఆ ఏడేళ్లలో అక్కడ అన్నిటికన్నా వేగంగా పెరిగిన భాష మనదే. వాళ్ల సంఖ్య 2017 నాటికి 4 లక్షలు దాటింది. అయితే దుబాసీ అవసరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కాదు. అతని భార్యకు పురుడు పోయడానికి వచ్చిన అత్తగారికి, మనవడిని చూసుకోవడానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన తాతయ్యకు. కొడుకు ఆఫీసులో ఉండగా ఛాతీలో నొప్పి వస్తే ఆ తాతయ్య బాధను డాక్టరుకు చేరవేసేది ఇంటర్‌ప్రెటరే. ఈ పనికి విలువ అక్కడ ఉంది.

మొదటి ప్రశ్న భాష గురించి కాదు, వీసా గురించి

ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లో చేసినా పని పనే. ఈ సంగతి తెలియక ఇబ్బందుల్లో పడేవాళ్లున్నారు.

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి చదువు నడుస్తుండగా వారానికి 20 గంటల దాకా, అదీ క్యాంపస్‌లోనే పని చేయవచ్చు. బయట పనికి విడిగా అనుమతి ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తమకు వీసా ఇప్పించిన సంస్థకే పని చేయాలి. మరో సంస్థకు సాయంత్రాలు పని చేయాలంటే ఆ సంస్థ కూడా వాళ్ల పేరున విడిగా పిటిషన్ వేయాల్సిందే. గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం పొందిన హెచ్-1బీ ఉద్యోగుల భార్యలకు, భర్తలకు మాత్రం 2015 మే నుంచి ఈఏడీ అనే పని అనుమతి కార్డు తీసుకునే వీలుంది. ఆ కార్డు చేతికొస్తే ఈ పనికి దారి తెరుచుకున్నట్టే.

బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి విద్యార్థికి చదువు రోజుల్లో వారానికి 20 గంటల పనికి అనుమతి ఉంది కానీ సొంతంగా ఫ్రీలాన్స్ చేయడం పూర్తిగా నిషిద్ధం. ఫ్రీలాన్స్ అనువాదం అందులోకే వస్తుంది. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి చదువు రోజుల్లో పదిహేను రోజులకు 48 గంటలు. కెనడాలో 2024 నవంబరు నుంచి క్యాంపస్ బయట వారానికి 24 గంటలు. జర్మనీలో 2024 నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అరపూటలు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి, సంతకం పెట్టేముందు ప్రభుత్వ సైటులో ఆ రోజున ఏముందో చూసుకోవాలి.

ఫోను అవతలి దుబాసీ

దుబాసీని ఫోనులో పిలిచే ఏర్పాటు ప్రపంచంలో మొదట మొదలైంది ఆస్ట్రేలియాలో, 1973లో. వలస వచ్చినవాళ్లకు అత్యవసర వేళల్లో సాయపడటానికి అక్కడి ప్రభుత్వమే దాన్ని పెట్టింది. అమెరికాలో 1982లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఇలాంటి సేవకు బీజం పడింది. వియత్నాం నుంచి వచ్చిన శరణార్థులతో మాట్లాడలేక పోలీసులు పడుతున్న అవస్థే దానికి కారణం. పిల్లలు బడికి వెళ్లాక దొరికే మూడు గంటల్లో పని చేసుకోవాలనుకునే తల్లులకు ఈరోజు ఫోను, వీడియో దుబాసీ పనే ఎక్కువ అనువు. నిశ్శబ్దంగా ఉండే గది, మంచి హెడ్‌సెట్, తెగిపోని ఇంటర్నెట్ ఉండాలి. పక్క గదిలో కుక్కర్ కూత వినబడకూడదు.

నాటీ పరీక్షలో రెండు రకాలు

ఆస్ట్రేలియాలో అనువాదకులకు, దుబాసీలకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నాటీ. 1977లో మొదలైంది. అక్కడి తెలుగు కుర్రాళ్ల నోట వినబడే 'నాటీ' మాత్రం ఆ సంస్థే పెట్టే సీసీఎల్ అనే భాషా పరీక్ష. అందులో నెగ్గితే శాశ్వత నివాస (పీఆర్) దరఖాస్తుకు 5 పాయింట్లు కలుస్తాయి. రెండు సంభాషణలు వినిపిస్తారు. ఒక్కోదానికి 45 మార్కులు. ఒక్కోదాంట్లో కనీసం 29, మొత్తం 90లో కనీసం 63 రావాలి. ఈ పరీక్ష తెలుగులోనూ ఉంది. అయితే సీసీఎల్ నెగ్గినంత మాత్రాన దుబాసీగా పని చేసే అర్హత రాదు. దానికి నాటీ సర్టిఫికేషన్ విడిగా ఉంది. అది తెచ్చుకున్నాక కూడా మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

అమెరికాలో మనకున్న పరీక్ష ఏది?

అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ 1959లో పుట్టింది. దాని సర్టిఫికేషన్ పరీక్షల్లో తెలుగు లేదు. ఫెడరల్ కోర్టుల సర్టిఫికేషన్ ఇప్పుడు స్పానిష్ దుబాసీలకే. మనవాళ్లకు అందుబాటులో ఉన్న ప్రధాన దారి వైద్య రంగం. ఆసుపత్రి దుబాసీలకు సర్టిఫికేషన్ ఇచ్చే రెండు జాతీయ సంస్థలు ఉన్నాయి. కనీసం 40 గంటల శిక్షణ పూర్తి చేసినవాళ్లను, భాష ఏదైనా సరే, వైద్య పదజాలం, వృత్తి నియమాల మీద ఇంగ్లిషులో పరీక్షిస్తాయి. తెలుగులో నోటి పరీక్ష లేకపోయినా ఈ సర్టిఫికెట్ ఉంటే ఏజెన్సీలు ఫోను ఎత్తుతాయి. ఆ 40 గంటల శిక్షణ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది.

పిల్లలు దుబాసీలు కాకూడదు

అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదు. మనవరాలికి పదేళ్లు, ఇంగ్లిషు గలగలా మాట్లాడుతుంది. పక్కన ఉంది కదా అని డాక్టరు ఆ పిల్లనే అడగవచ్చా? అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం 1557వ సెక్షన్ కింద వచ్చిన నిబంధనల ప్రకారం, ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ప్రాణాపాయ సమయంలో తప్ప పిల్లలను దుబాసీలుగా వాడకూడదు. మీ దుబాసీని మీరే తెచ్చుకోండని రోగిని ఒత్తిడి చేయకూడదు. అర్హత ఉన్న దుబాసీని ఆసుపత్రే, తన ఖర్చుతో పిలవాలి. భాష రానివాళ్లకు సేవలు అందించాలన్న 2000 నాటి అధ్యక్ష ఉత్తర్వు 2025 మార్చిలో రద్దయింది కానీ ఈ సెక్షన్ చట్టంలో అలాగే ఉంది. క్యాన్సర్ వార్తను అమ్మమ్మకు తన నోటితో చెప్పాల్సిన భారం పదేళ్ల పిల్ల నెత్తిన పడకూడదన్నదే ఇందులోని ధర్మం.

ఒక్క మాట ఖరీదు 7 కోట్ల 10 లక్షల డాలర్లు

1980లో ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ల కుర్రాడిని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఇంట్లోవాళ్లు స్పానిష్‌లో 'ఇంతోక్సికాదో' అన్నారు. క్యూబావాళ్ల వాడుకలో దానర్థం, తిన్నదేదో పడక ఒంటికి సుస్తీ చేసిందని. ఆసుపత్రివాళ్లకు అది ఇంగ్లిషు 'ఇంటాక్సికేటెడ్' లాగా వినబడింది. మత్తుమందు మోతాదు మించిందని అనుకుని ఆ వైద్యం చేశారు. నిజానికి అతనికి మెదడులో రక్తస్రావం అవుతోంది. అది తెలిసేసరికి కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయాయి. వృత్తి దుబాసీ అక్కడ లేడు. తర్వాత కుదిరిన పరిహారం అతని జీవితకాలానికి సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లు. ఈ రంగంలో శిక్షణ పొందేవాళ్లకు తరచూ చెప్పే కథ ఇది.

2003లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం 13 డాక్టరు సందర్శనలను రికార్డు చేసి లెక్కపెట్టింది. మొత్తం 396 దుబాసీ తప్పులు. సందర్శనకు సగటున 31. వాటిలో 63 శాతం తప్పులు రోగి ఆరోగ్యానికి చేటు తేగలవి.

'అట' అనకూడదు

ఇంట్లో అమ్మ మాటను డాక్టరుకు చెప్పేటప్పుడు "ఆవిడకు రాత్రంతా నిద్ర లేదట" అంటాం. ఈ 'అట' ఎంత సౌకర్యమైన ప్రత్యయమో! ఒకరి మాటను ఇంకొకరి దగ్గరకు మోస్తూనే, అది నా మాట కాదు సుమా అని చెప్పేస్తుంది. వృత్తి దుబాసీకి ఆ వెసులుబాటు లేదు. ఆవిడ "నాకు నిద్ర పట్టలేదు" అంటే తనూ ఇంగ్లిషులో "నాకు నిద్ర పట్టలేదు" అనే చెప్పాలి. అప్పుడే డాక్టరు దుబాసీ వైపు కాక రోగి కళ్లలోకి చూసి మాట్లాడతాడు. దుబాసీ తనంతట తాను ఏదైనా అడగాల్సి వస్తే "ఇంటర్‌ప్రెటర్ ఒక సందేహం అడుగుతున్నారు" అని తననే మూడో మనిషిగా చెప్పుకోవాలి. కొత్తవాళ్లకు మొదటి వారంలో అన్నిటికన్నా కష్టమనిపించేది ఈ అలవాటే.

తెలుగులో ఉన్న ఇంగ్లిషే ఎక్కువ మోసం చేస్తుంది

"పొద్దుటి నుంచి మోషన్స్" అంటుంది పెద్దావిడ. అది ఇంగ్లిషు మాటే కదా అని అలాగే అందిస్తే అమెరికా డాక్టరుకు 'కదలికలు' అని వినబడుతుంది. విరేచనాలని ఆయనకు తోచదు. "కళ్లు తిరుగుతున్నాయి" అన్నదాన్ని మాటకు మాట మార్చితే కంటి డాక్టరు దగ్గరకు పంపిస్తారు. "గ్యాస్ పట్టేసింది" అన్నది ఇంకా ప్రమాదం. మనవాళ్లు కడుపు ఉబ్బరానికీ ఆ మాటే అంటారు, గుండెల్లో బిగపట్టినట్టు ఉన్నా అదే అంటారు. అలాంటప్పుడు దుబాసీ ఊహించి చెప్పకూడదు. "మా భాషలో ఈ మాటకు రెండు అర్థాలున్నాయి, ఎక్కడ పట్టేసిందో అడగండి" అని డాక్టరుకు చెప్పాలి. అలా అడిగించిన ఒక్క ప్రశ్న గుండెపోటును ముందే పట్టివ్వవచ్చు.

పడిశమా, సర్దా, రొంపా?

ముక్కు కారడం ఒకటే, మాటలు నాలుగు. ఒకరికి జలుబు, ఒకరికి పడిశం, గోదావరి వైపు పెద్దలకు రొంప, తెలంగాణలో సర్ది. ఆయాసాన్ని తెలంగాణ పెద్దమనిషి "దమ్ము వస్తున్నది" అంటాడు. దానికి ధైర్యం అనే ఇంకో అర్థం తీసుకునే కోస్తా కుర్రాడు అక్కడ బోల్తా పడతాడు. ఫోను మోగినప్పుడు అవతల ఏ జిల్లావాళ్లుంటారో ముందుగా తెలియదు. తన యాస ఒక్కటే తెలుగు అనుకునేవాళ్లకు ఈ పని అచ్చిరాదు. మన ఊరి మాటలతో పాటు పక్క జిల్లా మాటలూ ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం ఈ పనికి పెట్టుబడి.

పెద్దనాన్నకు షుగర్ ఉంటే ఏమవుతుంది?

వంశంలో జబ్బుల గురించి అడిగినప్పుడు రోగి "మా పెద్దనాన్నకు షుగర్" అంటాడు. ఇంగ్లిషులో 'అంకుల్' అనేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ తెలుగులో నాన్నకు అన్న పెద్దనాన్నే, అమ్మకు అక్క అయిన పెద్దమ్మ భర్త కూడా పెద్దనాన్నే. మొదటాయనది రక్తసంబంధం, రెండో ఆయనది కాదు. మామయ్య కూడా అంతే. అమ్మ తమ్ముడు మామయ్య, మేనత్త భర్త మామయ్య, పిల్లనిచ్చినవాడూ మామయ్యే. డాక్టరుకు కావలసింది రక్తంలో వచ్చే జబ్బు లెక్క కాబట్టి, ఈ తేడా తెలిసిన దుబాసీ "అమ్మ వైపా, నాన్న వైపా, పెళ్లి వల్ల చుట్టమా?" అని అడిగి తేల్చుకుంటాడు. మేనరికాలున్న కుటుంబాల్లో ఒకే మనిషి రెండు వైపులా చుట్టం కావచ్చు కూడా!

మనమా, మేమా?

ఇంగ్లిషులో 'వి' ఒక్కటే. తెలుగులో ఎదుటివాళ్లను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. "రేపు ఆపరేషన్ చేస్తాం" అని సర్జన్ అన్నప్పుడు ముందు 'మనం' తగిలిస్తే రోగి కంగారుపడతాడు. కాగితాల్లో ఈ తేడా ఇంకా ముఖ్యం. ఇంటి అద్దె ఒప్పందంలో "మరమ్మతులు మేము చేయిస్తాం" అన్నది "మనం చేయిస్తాం" అయితే ఖర్చులో సగం అద్దెకున్నవాడి నెత్తిన పడ్డట్టు అర్థం వస్తుంది. 'యు' సంగతీ అంతే. ఎనభై ఏళ్ల పెద్దాయన్ను ఇంగ్లిషు నర్సు ఏ మాటతో పిలిచినా, తెలుగులో మీరు, అండీ అనే రావాలి. గౌరవం కూడా అనువాదంలో భాగమే.

'అవును' అంటే ఎస్ కాదు

"మీకు షుగర్ లేదు కదా?" అని అడిగితే మనవాళ్లు "అవునండీ" అంటారు. అంటే మీరన్నది నిజమే, లేదు అని. దాన్ని 'ఎస్' అని అందిస్తే షుగర్ ఉందని కేసు షీటులో రాసేస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. డాక్టరు చెబుతున్నంత సేపూ మనవాళ్లు "ఆఁ... ఆఁ..." అంటూ తలూపుతుంటారు. వింటున్నామని చెప్పడానికే ఆ ఊకొట్టడం, ఒప్పుకున్నామని కాదు. ఆపరేషన్‌కు సమ్మతి అడిగే వేళ ఆ 'ఆఁ'ను 'ఎస్' కింద మార్చే హక్కు దుబాసీకి లేదు. స్పష్టంగా అడిగించి, స్పష్టమైన జవాబే అందించాలి.

పుట్టిన తేదీ దగ్గరే తప్పులు

రాత పనిలో కొత్తవాళ్లకు ముందుగా దొరికేవి జనన ధ్రువపత్రాలు, పెళ్లి పత్రాలు. అమెరికా ఇమిగ్రేషన్‌కు ఇచ్చే తెలుగు కాగితానికి పూర్తి ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. అనువాదం సంపూర్ణంగా, సరిగ్గా ఉందనీ, తనకు ఆ రెండు భాషలు వచ్చనీ అనువాదకుడు రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. దానికి ఫలానా లైసెన్సు ఉండాలన్న నియమం లేదు. అందుకే తొలి అడుగుకు ఇది అనువైన పని.

ఇక్కడ చూసుకోవలసినవి మూడు. ఒకటి తేదీ. 7-4-1958 మనకు ఏప్రిల్ 7, అమెరికావాళ్లకు జులై 4. నెలను అక్షరాల్లో రాసేస్తే గొడవ లేదు. రెండోది పేరు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లది చివర. కాగితంలో ఉన్న వరుసలోనే ఉంచి, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతో పోల్చి చూసుకోవాలి. మూడోది ముద్రలు. గుండ్రటి సీలు, రిజిస్ట్రారు సంతకం, మార్జిన్‌లో చేతిరాత అన్నీ అనువాదంలో కనబడాలి. చెరిగిపోయి చదవరాకపోతే ఆ సంగతే రాయాలి కానీ ఊహించి పూరించకూడదు. మండలం అనే మాటను అలాగే ఉంచాలి. దానికి అక్కడ సరిసమానమైన మాట లేదు.

మాటకింత అంటే, ఏ భాష మాటకు?

ఇంగ్లిషులో 'మే నాట్ బి ఏబుల్ టు కమ్' అంటే ఆరు మాటలు. తెలుగులో 'రాలేకపోవచ్చు' అంటే ఒక్కటే. మన భాష ప్రత్యయాలను మాటకు అంటించేస్తుంది కాబట్టి, అదే విషయం తెలుగులో చాలా తక్కువ మాటల్లో సరిపోతుంది. ఇంగ్లిషు నుంచి తెలుగుకు చేసేటప్పుడు ఇంగ్లిషు మాటల లెక్కన, తెలుగు నుంచి ఇంగ్లిషుకు చేసేటప్పుడు కూడా ఇంగ్లిషు మాటల లెక్కనే కూలి అడగడం న్యాయం. జర్మనీలో అసలు మాటలనే లెక్కపెట్టరు. 55 అక్షరాల వరుసను ఒక కొలతగా పెట్టుకుని వరుసకింత ఇస్తారు. ఒప్పందంలో 'మాట' అన్నచోట ఏ భాష మాటో రాయించుకోకపోతే పని అయ్యాక బాధపడి లాభం లేదు.

మెషీన్ వచ్చాక మిగిలిన పని

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు వచ్చింది 2011 జూన్‌లో. ఇప్పుడు ఏజెన్సీలు చాలా పనులకు ముందు మెషీన్‌తో అనువాదం చేయించి, దాన్ని సరిదిద్దే పని మనుషులకిస్తున్నాయి. రేటు తక్కువ, కళ్లకు శ్రమ ఎక్కువ. ఒప్పుకునే ముందు ఒక పేజీ నమూనా అడిగి చూసుకోవాలి. తిరగరాయడమే నయమనిపిస్తే ఆ మాటే చెప్పాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. రోగి రిపోర్టును ఉచిత సైటులో అతికించి అనువాదం తీయడం తొందరలో ఎవరికైనా తోచేదే. కానీ అమెరికాలో 1996 నాటి హిపా చట్టం రోగి వివరాలకు రక్షణ ఇస్తుంది. కాగితం మన చేతికి వచ్చిందంటే ఆ రహస్యమూ మన చేతికి వచ్చినట్టే. ఊళ్లో తెలుగువాళ్లు కొద్దిమందే ఉన్నచోట ఇది మరీ ముఖ్యం. ఆసుపత్రిలో మంగళవారం విన్నది శనివారం గుడిలో నోరు జారకూడదు.

అరగంటకే అలసట

1945లో మొదలైన న్యూరెంబర్గ్ విచారణలో ఇంగ్లిషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ నాలుగు భాషల్లో ఏకకాలంలో దుబాసీ పని నడిచింది. అందుకోసం జట్టుకు 12 మంది చొప్పున మూడు జట్లు పెట్టారు. ఈరోజు పెద్ద సభల్లో ఇద్దరేసి దుబాసీలు 20, 30 నిమిషాలకోసారి మారతారు. వింటూనే మాట్లాడటం మెదడును అంతగా అలసట పెడుతుంది. ఫోనులో ఒకదాని వెంట ఒకటి కాల్స్ తీసుకుంటూ నాలుగు గంటలు కూర్చుంటే తప్పులు దొర్లక మానవు. విరామం అడగడం బద్ధకం కాదు. అది ఎదుటివాళ్లకు మనం ఇచ్చే భద్రత.

పన్ను సంగతి ముందే తెలుసుకోవాలి

ఏజెన్సీలు ఎక్కువగా ఉద్యోగిగా కాక కాంట్రాక్టరుగా తీసుకుంటాయి. అంటే చెక్కులో పన్ను కోత ఉండదు. వచ్చిందంతా మనదే అనిపిస్తుంది. అమెరికాలో ఇలాంటి నికరాదాయం ఏడాదికి 400 డాలర్లకు చేరితే ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా ఉంది. ఎక్కువ వస్తుంటే ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, మళ్లీ జనవరి 15వ తేదీల్లో వాయిదాలుగా కట్టాలి. ఆస్ట్రేలియాలో ఫ్రీలాన్స్ చేసేవాళ్లకు ఏబీఎన్ అనే 11 అంకెల వ్యాపార సంఖ్య కావాలి. బ్రిటన్‌లో ఏడాదికి 1,000 పౌండ్ల దాకా ఇలాంటి రాబడికి మినహాయింపు ఉంది. ప్రతి చెక్కులో మూడో వంతు విడిగా వేసుకుంటే పన్ను రోజున గుండె దడ ఉండదు.

ఎక్కువ చెక్కు పంపినవాడిని నమ్మొద్దు

కొత్త అనువాదకులను వెతికి పట్టుకునే మోసం ఒకటుంది. ఎవరో పెద్ద పని ఇస్తారు. పని పూర్తికాకముందే మాట్లాడుకున్నదానికన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు వస్తుంది. "పొరపాటున ఎక్కువ పంపాం, మిగతాది తిరిగి పంపండి" అని తొందరపెడతారు. మనం పంపిన కొన్నాళ్లకు చెక్కు చెల్లలేదని బ్యాంకు చెబుతుంది. పంపిన డబ్బు పోయినట్టే. పని ఇప్పించడానికి ముందుగా రుసుము అడిగేవాళ్లనూ, నమూనా పేరుతో పదుల పేజీలు ఉచితంగా చేయించుకునేవాళ్లనూ మర్యాదగా వదిలేయాలి.

చేయి తిరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అనుభవం లేనివాళ్లకు పని ఇవ్వరు, పని లేనిదే అనుభవం రాదు. ఈ ముడి విప్పుకోవడానికి మన భాషలోనే చోటుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. అక్కడ ఆరోగ్య వ్యాసం ఒకటి ఇంగ్లిషు నుంచి తెలుగు చేస్తే నలుగురు చదువుతారు, తప్పులు దిద్దుతారు. రేపు చూపించుకోవడానికి నమూనా ఉంటుంది. ఆంధ్రభారతి సైటులో ఎన్నో తెలుగు నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు. వీటన్నిటికన్నా విలువైన నిఘంటువు ఇంట్లో ఉంది. అమ్మకు ఫోను చేసి "నీరసానికీ నిస్త్రాణకూ తేడా ఏమిటమ్మా?" అని అడిగి చూడండి.

ఆగి అడగడమే అసలు పనితనం

కొత్త దుబాసీకి అన్నిటికన్నా భయం, తెలియని మాట ఎదురైతే పరువు పోతుందేమోనని. అనుభవం ఉన్నవాళ్లను చూడండి, వాళ్లే ఎక్కువసార్లు ఆపుతారు. మందు పేరు మళ్లీ చెప్పమంటారు. మోతాదు అంకెను తిరిగి చదివి వినిపిస్తారు. "ఒళ్లంతా లాగేస్తోంది బాబూ" అని పెద్దావిడ అంటే, డాక్టరుకు చెప్పి, అనుమతి తీసుకుని, "అమ్మా, లాగేయడమంటే నొప్పిగా ఉందా, సత్తువ లేనట్టుందా?" అని అడుగుతారు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "నొప్పి కాదు నాయనా, ఎడమ చెయ్యి ఎత్తలేకపోతున్నా" అందనుకోండి. డాక్టరు వెంటనే కుర్చీలోంచి లేస్తాడు. ఆ అర నిమిషానికి ఏజెన్సీ ఇచ్చేది కొన్ని సెంట్లే. ఆవిడకు మాత్రం అది చెయ్యి నిలబెట్టిన అర నిమిషం.